ఎడమ చెయ్యి ఎత్తిన పాప

ఈ సంగతి రాసి పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పోయిన వారం మా బడికి బోధనాభ్యాసం కోసం వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళు నిండినట్టు లేదు. అట్టలు వేసిన రికార్డులు చంకన పెట్టుకుని, చుట్టలు చుట్టిన చార్టులకు రబ్బరు బ్యాండ్లు వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రమ్మనేదాకా అక్కడే నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె అన్నాల వేళ నా పక్కన చేరి గొంతు తగ్గించి అడిగింది: "మేడం, ఫైనల్ లెసన్‌కు ముందే పిల్లోళ్ళకు ఏమో చెప్పి పెట్టుకోవల్ల అంటుండారు మా సీనియర్లు. ఏం చెప్పల్ల మేడం?" జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. సాంబారు అన్నంతో పాటు దాన్ని మింగేసి, "రేపు మాట్లాడుకుందాంలేమ్మా" అన్నాను.

రెండో కారణం మా బ్యాచ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపు. అందులో ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు నా ఫైనల్ లెసన్ కథ ఎత్తుతారు. చెప్పినప్పుడల్లా దానికి కాళ్ళూ చేతులూ మొలుస్తున్నాయి. ఇప్పటి కథలో ఒక తెలివితక్కువ పిల్ల ఉంటుంది, ఏ చెయ్యి ఎత్తాలో తెలియక తికమకపడి టీచరు పరువు తీస్తుంది, అందరూ పసుపుపచ్చ బొమ్మలు పెట్టి నవ్వుతారు. నేను కూడా ఒకటి రెండుసార్లు నవ్వే బొమ్మ పెట్టాను. అది ఇప్పుడు తలుచుకుంటే నాకే బాగాలేదు. ఆ గదిలో తికమకపడిన మనిషి ఒకతే, అది నేను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను టీచరు శిక్షణకు పోయింది ముప్పై రెండో ఏట. ఇంటర్ అయిన వెంటనే పెళ్ళయింది. చిత్తూరులో నాయనకు కుట్టు మిషను, తిరుపతిలో మా ఆయనకు కొండ మీద ఒక బొమ్మల అంగట్లో పని. తెల్లవారుజామున కొండ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టిన తర్వాతే రావడం. మేము అద్దెకున్న సందు చివర గ్రంథాలయం ఉండేది. మొదట పేపరు చదవడానికి పోయాను, తర్వాత వారపత్రికలకు, ఆ తర్వాత బీరువాల్లో పుస్తకాలకు. పదేళ్ళలో తలుపు పక్క బీరువా నుంచి కిటికీ పక్క బీరువా దాకా వరసగా చదువుకుంటూ పోయాను. నక్షత్రాల గురించి చదివాను, తేనెటీగల గురించి చదివాను, నేనెప్పుడూ చూడని దేశాల రైళ్ళ గురించి చదివాను. లైబ్రేరియన్ గారు అందరికీ రెండు పుస్తకాలిచ్చేవాడు, నాకు మాత్రం మూడు. పట్టభద్రుల మధ్య కూర్చున్నా ఆ మూడో పుస్తకం తలుచుకుని నేను తల ఎత్తుకునే ఉండేదాన్ని. పిల్లల మనస్తత్వం మీద అక్కడున్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివేశాను గనుక, శిక్షణలో సీటు వచ్చినప్పుడు పిల్లలను గురించి నాకు తెలియనిది పెద్దగా ఏమీ మిగల్లేదని నమ్మకంగా ఉన్నాను.

మా క్లాసులో తక్కినవాళ్ళందరూ పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ వాళ్ళు. నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు. రెండో ఏడాది బోధనాభ్యాసానికి నాకు పుత్తూరు అవతల ఒక ఊరి ప్రాథమిక పాఠశాల వేశారు. తిరుపతి నుంచి గంట పైగా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆటోలో నాతో పాటు పూలబుట్టలు, పాలక్యాన్లు, చేతికో కాలికో కట్టు కట్టించుకుని తిరిగిపోతున్న మనుషులు. ఎముక విరిగిన వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరుకు వస్తారు కదా, ఆ దారిలో కట్టు లేని ఆటో చూడటం కష్టం. ఆకుపసరు, కోడిగుడ్డు సొన కలిసిన ఆ వాసన నా చీరలకు పట్టి మా ఇంటి దాకా వచ్చేది. మా అత్త ముక్కు మూసుకుని, "యాడికి పోయొస్తుండావమ్మే, బడికా, కట్ల ఆస్పత్రికా?" అనేది.

బడికి రెండే గదులు. హెడ్మాస్టరును ఊరంతా పెద్ద సారు అనేది, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. పిల్లలను కొట్టడు, గట్టిగా అరవడు, సుద్దముక్కను సగానికి విరిచి చూపుడు వేలి మీద నిలబెట్టి, క్లాసంతా దాన్నే చూస్తూ నోరు మూసుకున్న తర్వాత పాఠం మొదలుపెట్టేవాడు. ఏ పుస్తకంలోనూ అలాంటిది నేను చదవలేదు. నా నోటుపుస్తకంలో రాసుకుని, ఇంట్లో నా పిల్లల ముందు ప్రయత్నిస్తే ముక్క జారి పులుసుగిన్నెలో పడింది.

నాకిచ్చింది మూడో తరగతి. ఇరవై ముగ్గురు పిల్లలు. వాళ్ళలో ఒక పాప సంగతే ఇప్పుడు చెప్పేది. అమ్మానాయనలు చెన్నై వైపు కట్టడం పనికి పోతే అవ్వ దగ్గర ఉండేది. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, పై పెదవి మీద ఎప్పుడూ సుద్ద. లెక్కల్లో బాగా వెనకబడింది. బడిలో పిల్లలను ఎ, బి, సి అని గుంపులు చేసేవాళ్ళు, ఈమె సి గుంపులో చివర. ఎంత వెనకబడినా ఒక గుణం మాత్రం ఉండేది. తెలియనిది తెలుసని చెప్పేది కాదు. "అర్థమైందా?" అంటే ఇరవై రెండు గొంతులు "అయింది టీచరూ" అని పాడేవి, ఒక్క గొంతు నిదానంగా "కాలేదు టీచరూ" అనేది. మొదట్లో నాకు ముచ్చటేసింది. పదో రోజుకు విసుగొచ్చింది. ఒకసారి, "మళ్ళీ మొదటి నుంచా!" అని నేనే నెత్తి కొట్టుకుంటే ఆ పాప జాలిపడి, "పోనీలెండి టీచరూ, రేపు చెప్పండి" అంది.

ఇక ఫైనల్ లెసన్. కాలేజీ నుంచి లెక్చరర్ వచ్చి వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తాడు. అది పోతే కోర్సు పోయినట్టే, మళ్ళీ ఏడాది తర్వాత రాయాలి. రెండేళ్ళంటే రెండేళ్ళు అని ఇంట్లో మాట తీసుకుని పోయినదాన్ని. పొద్దున్నే నా ఇద్దరు పిల్లలకు జడలు వేసి, క్యారియర్లు కట్టి పంపుతున్నది మా అత్త, ఆమెకేమో మోకాళ్ళ నొప్పులు. ఇంకో ఏడాది అని నోరు తెరిచి అడగడం నావల్ల కాదు. ఆ భయంతో పెద్ద సారును అడిగాను, గట్టెక్కే దారి చెప్పమని.

ఆయన నవ్వి, పిల్లలు బయటికి పోయేదాకా ఆగి చెప్పాడు. "ప్రశ్న అడుగుతానే అందరూ చెయ్యెత్తల్ల. వచ్చినోళ్ళు కుడిచెయ్యి, రానోళ్ళు ఎడమచెయ్యి. నువ్వు కుడిచేతోళ్ళనే లేపు. వెనక కూర్చున్నాయనకు చేతులే కనపడతాయి, ఏ చెయ్యి అని ఎవరు సూస్తారు? మా కాలం నుంచి ఇదే నడస్తా ఉండాది."

నాకు మొదట మనసొప్పలేదు. ఆ రాత్రి నేను చదివిన పుస్తకాలన్నీ నెమరువేసుకుని, దానికొక సమర్థన కనిపెట్టాను. తెలియని పిల్లను నలుగురిలో నిలబెట్టి అవమానించకూడదని పుస్తకాలు చెప్పాయి కదా. ఈ పద్ధతిలో ఎవరికి రాదో ఎవరికీ తెలియదు, అందరి చేతులూ పైనే ఉంటాయి. ఇంతకంటే పిల్లల మనసు తెలిసిన ఉపాయం ఇంకేముంటుంది! ఇలా అనుకుని హాయిగా నిద్రపోయాను. చదువుకున్న వాళ్ళకు ఉన్న సౌకర్యం అది, ఏ పని చేయాలనుకున్నా దానికి సరిపోయే పేజీ ఒకటి ఎక్కడో చదివే ఉంటారు.

పిల్లలకు అది ఆటలా ఉండింది. ఎదురుగా నిలబడితే వాళ్ళ కుడి నాకు ఎడమవుతుందన్నది మరిచిపోయి, మొదటి రోజంతా రాని వాళ్ళనే లేపి కూర్చోబెట్టాను. రెండో రోజు కుదిరింది. పాఠం భాగహారం. చింతగింజలు సమానంగా పంచడం. పన్నెండు ముగ్గురికి, పద్దెనిమిది ఆరుగురికి, పదహారు నలుగురికి, అన్నీ సరిగ్గా తెగే లెక్కలే పెట్టుకున్నాను, మిగిలేవి ఒక్కటీ లేకుండా. మన పాప ప్రతి ప్రశ్నకూ ఎడమచెయ్యి ఎత్తేది. కొందరు రాకపోయినా కుడిచెయ్యి ఎత్తి దొరికిపోయేవాళ్ళు. ఈమె మాత్రం ఒక్కసారి కూడా అలా చేయలేదు.

ఫైనల్‌కు పది రోజుల ముందు ఆ పాప వాళ్ళ చింతచెట్టు మీది నుంచి పడింది. కుడిచెయ్యి విరిగింది. అవ్వ పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించింది. పాప మళ్ళీ బడికి వచ్చింది సరిగ్గా ఫైనల్ రోజు పొద్దున. మోచేతి పై నుంచి వేళ్ళ దాకా వెదురు బద్దలు, వాటి మీద గుడ్డ, మెడకు కట్టిన అవ్వ చీరముక్కలో ఊయల. పక్కన కూర్చున్నవాడు ముక్కు మూసుకుని, "టీచరూ, దీని చెయ్యి మా కంటే ముందే గుడ్డు తినేసింది" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు. "నా చేతికొకటి, నా నోటికొకటి. నీకు ఒకటేరా" అంది పాప. క్లాసు గొల్లుమంది.

అవ్వ గుమ్మం దగ్గరే నిలబడి, "టీచరమ్మా, బిడ్డను ఎవురూ తగలకుండా సూసుకో తల్లీ. ఇంట్లో ఉండమంటే ఇనదు. ఈ పొద్దు పోవాల్సిందే అని ఒకటే ఏడుపు" అంది. నేను ఆ పాపను కిటికీ పక్కకు మార్చి, కట్టు గోడవైపు ఉండేలా కూర్చోబెట్టాను. కుడివైపు ఎవరూ తగలరు, గాలి వస్తుంది, వాసన బయటికి పోతుంది. అన్నీ ఆలోచించానని తృప్తిపడ్డాను. ఒక్కటి తప్ప అన్నీ ఆలోచించాను.

లెక్చరర్ పది గంటలకు వచ్చి వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే ఆయనే. తక్కువ మాట్లాడే మనిషి. పాఠం మొదలుపెట్టాను. చార్టు బాగుంది, గింజలు బాగున్నాయి, నా గొంతు కూడా వణకలేదు. మొదటి ప్రశ్న అడగ్గానే ఇరవై మూడు చేతులు లేచాయి. వర్షం పడ్డ మర్నాడు వేరుశనగ చేను లేచినట్టు ఉండింది. కుడిచేతులను వెతికి లేపాను, జవాబు వచ్చింది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న, అన్నీ వచ్చాయి. కిటికీ పక్క ఎడమచెయ్యి ఎప్పటిలాగే పైన ఉంది. ఎప్పటిలాగే అనుకున్నాను. నాలుగో ప్రశ్నకు ఆ పాప మోకాళ్ళ మీద లేచింది. ఐదో ప్రశ్నకు వేళ్ళు ఆడించి, నాకు మాత్రమే వినపడేలా "టీచరూ" అంది. నేను కళ్ళతోనే కూర్చోమని సైగ చేశాను. పాపం, ఆట సరదాలో ఉందిలే అనుకున్నాను. చెయ్యి మాత్రం దిగలేదు. మధ్యలో నేను బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి, అందరి చేతులూ దిగి ఉన్నా ఆ చెయ్యి ఒక్కటే నిలబడి ఉంది.

వెనక నుంచి లెక్చరర్ అన్నాడు, "ఆ కిటికీ పక్క పాప అప్పటి నుంచి చెయ్యి దించలేదు. ఆ పాపను ఒకసారి అడగండమ్మా."

రాని పిల్లను లేపితే పాఠం మొత్తం కూలుతుంది. "చెయ్యి విరిగింది సార్, నొప్పితో ఉంది. ఇబ్బంది పెట్టడం ఎందుకని..." అన్నాను. జాలి నిండిన గొంతుతోనే అన్నాను.

పాప లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది. "నాకు నొప్పేం లేదు సార్. నాకు వచ్చు! కుడిచెయ్యి లెయ్యదు గదా సార్, అందుకే ఈ చెయ్యి ఎత్తినా. టీచరు నాకు రాదనుకుంటా ఉండారు."

"ఆ చెయ్యి ఎత్తితే రాదని ఎందుకు అనుకుంటారు?" అన్నాడాయన.

క్లాసు మొత్తం ఒకే గొంతుతో, నేను రోజుల తరబడి కష్టపడి నేర్పిన లయలోనే జవాబు చెప్పింది. "వచ్చినోళ్ళు కుడిచెయ్యి! రానోళ్ళు ఎడమచెయ్యి!"

గుమ్మంలో నిలబడి ఉన్న పెద్ద సారు తల పైకెత్తి, రేకుల్లో ఎక్కడ చిల్లు పడిందో చూస్తున్నట్టు చూడసాగాడు. మా అత్త మోకాళ్ళు, పిల్లల క్యారియర్లు, ఇంకో ఏడాది, అన్నీ ఆ క్షణంలో కళ్ళముందు తిరిగాయి.

లెక్చరర్ నవ్వలేదు, కోప్పడలేదు. లేచి వచ్చి పాప ముందు గొంతుక్కూర్చుని, నా బల్ల మీది గింజలు ఇరవై నాలుగు లెక్కపెట్టి ఇచ్చాడు. "ఐదుగురికి పంచు చూద్దాం."

సార్, అది తెగదు, అని నా నోటిదాకా వచ్చింది. పాప నేల మీద కూర్చుని ఎడమచేత్తో ఒక్కొక్క గింజా ఐదు కుప్పలకు వేసుకుంటూ పోయింది. అలవాటైన చెయ్యి అది, ఒక్క గింజ జారలేదు. "మనిషికి నాలుగు సార్. నాలుగు మిగిల్తాయి."

"మిగిలినవి ఏం చేస్తావు?"

"మా అవ్వ వేయించి నాకిస్తాది."

ఆ పది రోజులూ అవ్వ పక్కన కూర్చుని చింతపండు కొట్టే ఆడవాళ్ళకు కాయలు పంచి పెట్టిందట. ఒక రోజు ముగ్గురు వస్తారు, ఒక రోజు ఏడుగురు వస్తారు, తక్కువైతే వాళ్ళు ఊరుకోరు. నేను నెల రోజులు చార్టులు పెట్టి చెప్పలేకపోయిన భాగహారం అక్కడ ఒంటిచేత్తో నేర్చుకుంది. నేర్చుకున్నది చూపించాలనే ఆ పొద్దు ఏడ్చి బడికి వచ్చింది.

లెక్చరర్ గడియారం చూసుకుని కుర్చీ దగ్గరికి తిరిగి పోయాడు. "ఇంకా పదిహేను నిమిషాలు ఉందమ్మా. ఇప్పుడు పాఠం చెప్పండి" అన్నాడు. చార్టు మడిచి పక్కన పెట్టాను. ఎడమచెయ్యి ఎత్తిన వాళ్ళందరినీ నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో పాపను పెట్టి, తెగని లెక్కలు ఇచ్చాను. ఏం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. గింజలు దొర్లిపోయిన శబ్దం గుర్తుంది. "మిగిల్తే నాకు, మిగిల్తే నాకు" అని పిల్లలు పోట్లాడుకోవడం గుర్తుంది.

పాసయ్యాను. మా బ్యాచ్‌లో అందరికంటే తక్కువ మార్కులు నావే. ఆటో కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు లెక్చరర్ ఒక్క మాట అన్నాడు. "నేను కూడా ఇట్లనే పాసైనానమ్మా. నన్ను లేచి అడిగిన పిల్లోళ్ళు లేరు. నీకుండారు." ఆటో వచ్చింది, ఆయన ముందు సీటులో ఎక్కాడు.

మర్నాడు పాప నా దగ్గరికి వచ్చి, కట్టును మెల్లగా ఇంకో చేత్తో పట్టుకుని అడిగింది. "టీచరూ, ఇంక మీద ఏ చెయ్యి ఎత్తినా పిలుస్తారా?" పిలుస్తానన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు. ఇరవై ముప్పై చేతుల ముందు నిలబడితే, మనకు జవాబు తెచ్చిపెట్టే చేతి మీదికే కన్ను పోతుంది.

ఇది రాయడానికి సాయపడిన వాళ్ళను తలుచుకోవాలి. అసలు పేర్లు రాస్తే ఒప్పుకోరు, అందుకని పిలుపు పేర్లతోనే చెబుతాను. ఉపాయం నేర్పింది తనేనని రాయడానికి నవ్వుతూ ఒప్పుకున్న పెద్ద సారుకు, ఆ రోజు పాపకు నిజంగానే రెండు గుడ్లు పెట్టిన వంటక్కకు, తొంభైకి దగ్గరపడినా ఆ ఊరి సంగతులు ఫోనులో గుర్తు చేసిన పాప వాళ్ళ చింతపండు అవ్వకు, మూడో పుస్తకం ఇచ్చిన లైబ్రేరియన్ అన్నకు, రెండేళ్ళు మోకాళ్ళ నొప్పితో నా పిల్లలకు జడలు వేసిన మా అత్తకు, మార్కులు తక్కువ వేసిన సైకాలజీ సారుకు నా నమస్కారాలు. పాప ఇప్పుడు పెద్దదైంది, శ్రీసిటీలో ఉద్యోగం, తడ దగ్గర కాపురం. రాసింది చదివి వినిపిస్తే, "నాకు చెయ్యి బాగా నొప్పెట్టింది టీచరూ, ఈ చెయ్యే" అని ఎడమచెయ్యి చూపించి నవ్వింది.

ఆ పాఠం నలభై నిమిషాలు. నాకైతే అది కన్ను మూసి తెరిచినంతలో అయిపోయింది. పైకెత్తిన చేతి కింద కూర్చున్న మనిషికి అదే కాలం ఎంత నిదానంగా నడిచిందో తెలుసుకోవడానికి మాత్రం నాకు ఇన్నేళ్ళు పట్టింది.